రెండు వేళ్ళ లెక్క

తువ్వాళ్ళ ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న టీకొట్టులో, షిఫ్టు దిగిన జనం బల్లల మీద సర్దుకునేసరికి ప్యాకింగ్ మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించాడంటే ఆ పూట ఎవరూ తొందరగా ఇల్లు చేరరు.

పక్కనే మేనకోడలు, మామయ్య సంతకం కావాల్సిన శిక్షణ రిపోర్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల యూనివర్సిటీలో అంతర్జాతీయ వ్యాపారం చదువుతోంది. యూనివర్సిటీకీ ఫ్యాక్టరీకీ ఒప్పందం కుదిరి, మూడు నెలల శిక్షణకని వచ్చి సొంత మేనమామ చేతికిందే పడింది. రేపు పదింటికి విదేశీ యూనివర్సిటీ వాళ్ళు పిల్ల చదివేచోటికి వస్తున్నారు, ఈ ఒప్పందంలో తామూ చేరాలా వద్దా అని తేల్చుకోడానికి. ఫ్యాక్టరీ తరఫున మేనేజరుగారు మాట్లాడతారంటే, కాదు మా మామయ్యే మాట్లాడాలని తన ప్రొఫెసరుగారితో పోట్లాడి ఒప్పించింది ఈ పిల్లే. “సరే, బాధ్యత నీది” అన్నారాయన. అందుకే ఆమె గుండె ఇప్పుడు మామయ్య నాలుక చివర వేలాడుతోంది.

కథ మొదట బుద్ధిగానే నడిచింది.

“చిన్న సంగతేలే. శిక్షణకి పన్నెండు మంది పిల్లలొచ్చారు, ఒళ్ళో కంప్యూటర్లు, ఓడకెక్కించే కంటైనరు పొడవూ వెడల్పూ ఎత్తూ కొట్టారు, పెట్టె కొలతలు కొట్టారు, పదకొండు వందల ఇరవై పెట్టెలు పడతాయన్నారు. నేను ఒక పెట్టె పొట్ట మీద రెండు వేళ్ళు ఆనించి, వెయ్యిన్నీ ఎనభై, ఆపైన ఒక్కటి పట్టినా నా పేరు మార్చుకుంటానన్నాను. ఎందుకంటావా, తువ్వాళ్ళు కుక్కిన అట్టపెట్టె అంటే అప్పుడే భోంచేసి లేచిన మనిషి లాంటిది, రెండు వేళ్ళ మేర పొట్ట ముందుకొస్తుంది. కంప్యూటరుకి పొట్ట సంగతేం తెలుసు, దానికుంటేగా.”

ఇంతవరకూ మేనకోడలు తలూపింది కూడా. ఆయన అక్కడ ఆగి టీ తాగేసి ఉంటే ఎంతో బాగుండేది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అన్నాడు మేస్త్రి.

ఆ తర్వాత ఏమైందంటే, ఆయన లెక్క విన్న ప్రొఫెసరుగారు పాఠ్యపుస్తకంలో కంటైనర్ల పాఠం పేజీలన్నీ జిగురు పెట్టి అంటించేశారట. ఆ కబురు విదేశీ యూనివర్సిటీకి చేరిందట. ఏడుగురు ప్రొఫెసర్లు మూడు టేపులు పట్టుకుని విమానం దిగి, మేస్త్రి వేళ్ళు కొలిచి, మైనంలో అచ్చు తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టి, ఇద్దరు జవాన్లను కాపలా ఉంచారట.

“ఏ చేతి వేళ్ళు మేస్త్రీ?” లారీ డ్రైవరు ఎంతో వినయంగా అడిగాడు.

“కుడి చేతివి. ఎడమ చేతివి దేశంలోపలి వ్యాపారానికి.”

మేనకోడలు రిపోర్టు అట్ట గట్టిగా పట్టుకుంది. మామయ్య కథ ఈపాటికి రేవు దాటేసింది. మూడు వందల ఓడల కంపెనీలు ఆయన వేళ్ళ లెక్క ప్రకారమే సరుకు ఎక్కించడం మొదలెట్టాయట, దాంతో ఓడలన్నీ తేలికై పైకి లేచాయట, ఓడలు లేవడంతో సముద్రం రెండు వేళ్ళు కిందికి దిగిందట. దిగినచోటల్లా కొత్త నేల బయటపడితే అది నాదంటే నాదని దేశాలు తగువులాడుకుని, చివరికి పంచాయితీకి ఎవర్ని పిలిచాయంటారు?

“సముద్రం దిగిపోయిందా?” వాచ్‌మన్ నోరెళ్ళబెట్టాడు.

“నువ్వు పొద్దస్తమానం గేటు దగ్గర కూర్చుంటావు, నీకెలా తెలుస్తుంది?”

ఇక అప్పట్నించీ పదకొండు దేశాల అనుమతి లేకుండా ఆయన గోళ్ళు కత్తిరించుకోడానికి వీల్లేదట. మొన్న ఈ బల్ల మీదే కత్తిరించుకున్నారుగా అని టీకొట్టు అక్క అంటే, అనుమతి పత్రం జేబులో పెట్టుకునే కత్తిరించానన్నాడు.

“రేపు అక్కడ ఇదంతా పూసగుచ్చినట్టు చెప్తాను చూడండి” అని మేస్త్రి సంతకానికి చెయ్యి చాపాడు. “ఇలా తే అమ్మడూ, ఆ రిపోర్టు.”

పిల్లకి రేపు మొదటి వరసలో కూర్చోబోయే ప్రొఫెసరుగారి ముఖం ఇప్పుడే కనిపించింది. రిపోర్టు తెరిచి ఒక పేజీ ఆయన ముందు పెట్టింది.

“సంతకం తర్వాత మామయ్యా. ముందు ఈ మూడు వరసలూ గట్టిగా చదువు.”

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకున్నాడు. “కంప్యూటరు లెక్క, పదకొండు వందల ఇరవై. మేస్త్రి లెక్క, వెయ్యిన్నీ ఎనభై. నిజంగా పట్టినవి...” అని ఆగిపోయాడు.

లారీ డ్రైవరు మెడ సాచి పూర్తిచేశాడు. “వెయ్యిన్నీ డెబ్భై నాలుగు.”

“నీ లెక్కన తెచ్చినవాటిలో ఆరు పెట్టెలు కిందే మిగిలాయి కదా మామయ్యా” అంది మేనకోడలు మెల్లగా. “నువ్వు వాటి మీద కూర్చునే ఆ రోజు టీ తాగావు.”

కొట్టు కొట్టంతా గొల్లుమంది. వాచ్‌మన్‌కి పొలమారితే టీకొట్టు అక్క నెత్తిన తట్టింది. మేస్త్రి మాత్రం కాగితం వదల్లేదు. పెదాలు కదుపుతూ మళ్ళీ చదివాడు, వేళ్ళ మీద ఏదో కూడాడు.

“అయితే కంప్యూటరు ఎంత తప్పినట్టు?”

“నలభై ఆరు.”

“మరి నేను?”

“ఆరు.”

“ఈ ముక్క అచ్చులో వేశావా?”

“వేశాను. పెద్దక్షరాల్లో. కానీ నీ సంతకం లేకపోతే చెల్లదు.”

మేస్త్రి కలం అడిగి తీసుకుని, చెయ్యి తొడకి తుడుచుకుని, సగం పేజీ పట్టేంత సంతకం చేశాడు. ఆయన ముఖంలో ఇప్పుడున్న వెలుగు, సముద్రాన్ని దించినప్పుడు కూడా లేదు. గొంతు తగ్గించి అడిగాడు.

“రేపు ఇంతే చెప్పాలా?”

“ఇంతే.”

“రెండు నిమిషాల్లో అయిపోతుందే. నాకు పది నిమిషాలిచ్చారన్నావు.”

“మిగతా ఎనిమిది నిమిషాలూ వాళ్ళచేత పెట్టెలు మోయించు మామయ్యా.”

అప్పటికే మేస్త్రి లేచి నిలబడి, రేపు తొమ్మిదింటికల్లా బండి గేటు దగ్గర పెట్టమనీ, పొట్ట బాగా ముందుకొచ్చేలా కుక్కిన పెట్టెలే ఏరి ఎక్కిద్దామనీ లారీ డ్రైవరుకి పురమాయిస్తున్నాడు.