బోధకెళ్లిన మట్టపు గుండు

తెల్లారితే ప్రార్థన మందిరం ప్రారంభం. తను కట్టిన కొత్త గోడ ముందు మేస్త్రి గునపంతో నిలబడ్డాడు. పాస్టరుగా ఉన్న బావ పరుగున వచ్చి అడ్డం నిలిచాడు.

“గోడ మీద చెయ్యేశావంటే మర్యాద దక్కదు!”

“నాలుగు వేళ్లు లోపలికి వాలింది బావా. పడితే కింద కూర్చున్నవాళ్ల గతేంటి?”

“పైన సున్నం పూసెయ్. ఎవడికి కనబడుతుంది?”

“సున్నం పూసి దాచిన గోడని దేవుడే కూలుస్తాడని ప్రవక్త అన్నాడంటూ మీరేగా గొంతు చించుకుంది?”

“నాకే బోధ చేస్తున్నావా? గోడ నిలువు చూసే మట్టపు గుండు పట్టకుండా కట్టడం నీ తప్పు!”

“నాదే. కంటిని నమ్ముకున్నాను. మరి ఆ గుండేదీ? దేవుడు మనుషుల్ని దీంతోనే కొలుస్తాడని చూపించడానికి మీరు పట్టుకెళ్లి నెలయింది. ఆదివారం ఆదివారం మా మొహాల ముందు ఊపుతున్నారు.”

“ఇంకోటి తెచ్చుకోడానికి నీకేం రోగం?”

“వారంలో లేపమన్నారు, బుద్ధిలేక తలూపాను. తప్పుకోండి.”

“రేపు వందమంది వస్తార్రా! వాళ్లకేం చెప్పను?”

“సిద్ధంగా లేమని చెప్పండి. ప్రభువు రాకడ గురించి ఏడాది పొడుగునా వాళ్లచేత మీరు ఒప్పించింది అదేగా.”

మేస్త్రి గునపం ఎత్తాడు.