ఏడాదిపాటు దారి అడగని మనిషి

బోర్డులు రాసే ఆయన, నర్సుగా రిటైరైన ఆయన భార్య కలిసి దేశాలు తిరగడానికి బయల్దేరి ఆ రోజుకి ఏడాది. మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకుందామని నాలుగు రోజులు ఇంటికొచ్చారు. ఏడాది నిండిందని ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర అందరికీ ఆయనే టీ పోయించాడు. వచ్చేవారం అదే వీధిలోని టైలరూ, అతని భార్యా మొదటిసారి దేశం దాటి వెళ్తున్నారు. భాష రాని చోట తప్పిపోతామేమోనని ఆ అమ్మాయికి గుండెల్లో గుబులు. ఆ మాట పైకి అనగానే బోర్డులాయన గ్లాసు బల్లమీద పెట్టాడు.

"తప్పిపోవడమా? చూడు చెల్లెమ్మా, నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాదు, అది నీకూ తెలుసు, మీ ఆయనకీ తెలుసు, ఈ టీ కొట్టాయనకి మరీ బాగా తెలుసు. ఉన్నదున్నట్టు చెబుతున్నా. ఈ ఏడాదిలో నేను ఎవర్నీ దారి అడగలేదు. 'ఆసుపత్రి ఇటు', 'మరుగుదొడ్లు అటు' అని జీవితమంతా బాణాలు గీసిన చెయ్యి ఇది. ఇది ఒకర్ని అడుగుతుందా? మొదటి నెలలోనే ఒక పాత ఊరు తగిలింది. సందులు ఎంత ఇరుకంటే, ఇవతల మనిషి తుమ్మాలంటే అవతల మనిషి కిటికీ తెరిచి చోటివ్వాలి. మీ వదినని లాడ్జిలో కూర్చోబెట్టి పళ్ల పేస్టు కోసం ఒక్కణ్ణే వెళ్లాను."

"దువ్వెన," అంది ఆయన భార్య, బిస్కెట్టు టీలో ముంచుతూ.

"దువ్వెనే. కొన్నాను, తిరిగొచ్చాను, ఎవర్నీ అడగలేదు. అంతే. ఇందులో గొప్పేముంది?"

"ఏమీ లేదు," అన్నాడు టీ కొట్టాయన.

"లేదు కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు కురిసే ఊరికి వెళ్లాం. పొద్దున లేచి చూద్దుం కదా, ఊరు లేదు. వీధి లేదు, గుమ్మం లేదు, పైన నాలుగు పొగగొట్టాలు తప్ప అంతా తెల్లగా, సున్నం వేసి ఇంకా అక్షరాలు రాయని బోర్డులాగా ఉంది. పాపం పోస్టుమాను సంచీ భుజాన వేసుకుని ఏడుపు మొహంతో నిలబడ్డాడు. నా వెనక రారా అబ్బాయ్ అని చేత్తో సైగ చేశాను. నేను ఎక్కడ ఆగితే అక్కడ తవ్వాడు, తవ్విన చోటల్లా ఒక తలుపు. అది చూసి వెనక పాలవాడు, పాలవాడి వెనక బడి పిల్లలు, వాళ్ల వెనక గంట కొట్టుకుంటూ ఫైరింజను, దాని వెనక ఒక పెళ్లికూతురూ, ఆమె చుట్టాలూ..."

"పెళ్లికొడుకు దొరికాడా అన్నయ్యగారూ?" టైలరు భార్య ఆత్రంగా అడిగింది.

"రెండో పారకే దొరికాడమ్మా. కాస్త చల్లబడ్డాడు, అంతే, కాపురానికేం ఢోకా లేదు. ఇక అక్కణ్ణుంచి ఎడారికి. ఒంటెలవాడు పుట్టినప్పట్నుంచీ అక్కడే తిరిగినవాడు, వాడికే దిక్కు తెలియలేదు. అన్నిటికన్నా ముందు నడిచే ముసలి ఒంటె ఏం చేసిందనుకున్నారు? వాణ్ణి వదిలేసి నా ఎదురుగా వచ్చి, భుజం మీద గడ్డం ఆనించి, ఉస్సూరుమంది. ఎడమకి తిరగవే అన్నాను, మన భాషలోనే. తిరిగింది."

"కుడికి," అంది భార్య.

"నాకు ఎడమైతే దానికి కుడేగా, ఎదురెదురుగా ఉన్నాం కదా! సరే, అదలా ఉంచండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడెక్కాం. పొగమంచు. నా చెయ్యి నాకే కనిపించక, రెండుసార్లు పక్కాయన గ్లాసులో కాఫీ తాగేశాను. కెప్టెను దిక్సూచి పట్టుకుని తెల్లమొహం వేశాడు. ముల్లు ఉత్తరాన్ని వదిలేసి నా వైపు తిరిగి నిలబడింది! నేను అటు నడిస్తే అటు, ఇటు నడిస్తే ఇటు. ఇహ లాభం లేదని కెప్టెను నాకు ముందు భాగంలో కుర్చీ వేయించి, దుప్పటి కప్పి, కదలకండి బాబూ అని దణ్ణం పెట్టాడు. ఎంతసేపని కదలకుండా ఉంటాం? కునుకు పట్టింది. నిద్రలో అటు ఒత్తిగిల్లాను. ఓడా ఒత్తిగిల్లింది. అలా ఏ దేశంలో దిగామో దానికి మా దగ్గర టికెట్టే లేదు."

"మరి దిగనిచ్చారా?" అన్నాడు టైలరు.

"దిగనివ్వకపోతే మళ్లీ పడుకుంటానన్నాను."

ఎవరూ నవ్వలేదు. టీ కొట్టాయన పాల గిన్నె మీద మీగడ పక్కకి తీసి, "ఇంకా ఉందా?" అన్నాడు.

"అసలుది ఇప్పుడే. ఓడ దిగి చూస్తే ఆకాశం నిండా పక్షులు, చలి తప్పించుకుని పోయేవి, చిందరవందరగా తిరుగుతున్నాయి. ఒకదాని వెనకొకటి లేదు, వరస లేదు, బస్సు ఎక్కే జనంలా తోసుకుంటున్నాయి. ఎటు పోవాలో ఒక్కదానికీ తెలియదు. నాకు ఒళ్లు మండింది. రేవులో ఉన్న బల్ల ఎక్కి నిలబడి, చెయ్యెత్తి గాల్లో పెద్ద బాణం గీశాను. కింద నుంచి నేను గీస్తుంటే పైన అవి సర్దుకున్నాయి. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ చూడండి, పక్షులు బాణం ఆకారంలో పోతుంటాయి. ఎవడు నేర్పాడని ఏ పుస్తకంలోనూ రాయరు. రాయకపోనీ, నాకు పేరు మీద మోజు లేదు. కాబట్టి చెల్లెమ్మా, బెంగ పెట్టుకోకు. మీతో నేనొస్తా. ముందు నేను నడుస్తా, నా చొక్కా చూసుకుంటూ మీరు రండి."

టైలరు తన భార్య వైపు చూశాడు. పక్షుల సంగతి ఎలా ఉన్నా, ముందు ఒక మనిషి నడిస్తే చాలనిపించింది ఇద్దరికీ. "మా టికెట్లతో పాటు అన్నయ్యకీ ఒకటి చూడనా?" అని ఫోను తీశాడు.

బల్ల చివర ఒక ఆటో డ్రైవరు కూర్చున్నాడు. ఈ వీధికి కొత్త. ఇందాకట్నుంచి బోర్డులాయన మొహంలోకే చూస్తున్నాడు.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. నిన్న మధ్యాహ్నం కొత్త వంతెన కింద కూరల సంచీతో నా ఆటో ఆపింది మీరే కదా?"

బోర్డులాయన ఖాళీ గ్లాసు నోటిదాకా ఎత్తి, అక్కడే ఉంచాడు.

"'బాబూ, బోర్డులు రాసే ఆయన ఇల్లు ఎక్కడో తెలుసా' అని అడిగారు. నాకూ తెలియక నలుగుర్ని అడిగి దింపాను. ఆయన చుట్టాలేమో అనుకున్నాను. ఆ బోర్డులాయన మీరేనా అండీ?"

టీ కొట్టాయన స్టవ్వు తగ్గించాడు. టైలరు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"ఆ వంతెన మేం వెళ్లేటప్పుడు లేదు," అన్నాడు బోర్డులాయన, చాలా చిన్నగా.

టైలరు భార్య జరిగి నర్సుగారి పక్కన కూర్చుంది. "వదినా, మీరు రాకూడదూ మాతో?"

"వస్తాను. దారి నేను కనుక్కుంటానులే," అందావిడ చీర మీద బిస్కెట్టు పొడి దులుపుకుంటూ. "కానీ ఈయన్ని కూడా తీసుకెళ్దాం. పక్కన ఈయన మాట్లాడుతూ ఉంటే ఎంత నడిచినా నాకు కాళ్ల నొప్పి తెలియదు."

బోర్డులాయన గ్లాసు దించి, నిటారుగా కూర్చున్నాడు.

"విన్నావా తమ్ముడూ?" అన్నాడు టైలరుతో. "నొప్పులు కూడా తగ్గిస్తాను."