నీళ్లకొక దోవ

శిరివెళ్ల అవతల, చేలకు పోయే కాలిబాట పక్కన పోయినేడు వానకు కూలిన రాళ్లగోడను ఊరివాళ్లే కూలీ అడగకుండా వచ్చి మళ్లీ కడుతున్నారు. కిందిచేను ఓబులమ్మ రాళ్లు అందిస్తోంది. పైచేను ఆదినారాయణ సిమెంటు లేకుండా పేరుస్తున్నాడు.

“ఆ రాయి తీసెయ్‌ప్పా.”

“ఏందక్కా, అంత బాగా కూర్చుంటే!”

“అందుకే తీయమంటాండా. కింద వరుసలో నీళ్లకు దోవ ఉండల్ల. లేకుంటే మళ్లా పడిపోతాది.”

“మా నాయన కట్టినప్పుడు దోవ ఇడిసినాడా?”

“రెండు ఇడిసినాడు.”

“మరి అయి యాడికి పోయినాయి?”

ఓబులమ్మ చేతిలో రాయిని అటూ ఇటూ తిప్పింది. నోరు మూసుకున్నా గోడ లేస్తుంది. కానీ దోవ లేకుండా లేస్తుంది.

“నేనే మూసినా. నీ చేని నీళ్లు నా మిరపలోకి వస్తాండాయని కోపమొచ్చి, రాళ్లు దూర్చి బురద మెత్తినా. పెద్దవానకు నీళ్లు నిలబడి గోడ పడిపాయె.”

“నా ఎనుము కొమ్ములతో తోసిందని ఊరంతా చెప్తివి గదక్కా!”

“చెప్తిని.”

ఆదినారాయణ రాయి పీకి పక్కన పెట్టాడు. కాసేపు ఆ సందులోకి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఆ మాటకు సిగ్గుపడి, ఏడాదిగా దాన్ని చెరువుకట్ట చుట్టూ తిప్పి తోలుకపోతాండా!”

“ఇంక ఈ బాటనే తోలుకో. మాపుకు ఒక మోపు జొన్నచొప్ప తెస్తా.”

“నాకేమీ వద్దులేక్కా. మనసులో పెట్టుకోను.”

“నీకెవరు తెస్తాండారప్పా? దానికి.”