ఇంకా లేదు

1957, మార్చి నెల. నాగాయలంక రేవు పక్కన తన పాక ముందు సుబ్బాయమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. కూతురు రత్నాన్ని చిన్నప్పుడే మేనల్లుడు పోతయ్యకిచ్చి పెళ్ళి చేసింది. పిల్ల పెద్దమనిషి కాగానే అత్తవారికి కబురు పెట్టాలి, ఆ వెంటనే కాపురానికి పంపాలి, అది కులాచారం. కబురేదీ వెళ్ళకుండానే అల్లుడు వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"మజ్జిగ తాగు."

"ఇందాకే తాగాను కదత్తా."

"ఇంకో గ్లాసు తాగు. ఎండన పడి వచ్చావు."

"అమ్మ అడిగి రమ్మంది. రత్నం..."

"బడికెళ్ళింది."

"అది కాదత్తా. ఏవన్నా... విశేషమా అని."

"ఏ విశేషమూ లేదు. ఇంకా లేదు."

"లేదా?"

"లేదంటే లేదు. మీ అమ్మకి ఈ చేపల్లో సావళ్ళు ఏరి కడతాను, పట్టుకెళ్ళు. బాగా ఎండినయ్యి."

"ఓణీ వేస్తందంట?"

"చలికి."

"ఈ ఎండల్లోనా?"

"పొద్దున్నే సముద్రం గాలి కొడుద్దిరా."

"సంతలో నువ్వులూ బెల్లం కొన్నావంట. పెద్దమనిషైన పిల్లకి చిమ్మిలి కొట్టిపెట్టేది వాటితోనేగా?"

"నాకు నడుం నొప్పి. నేనే తిన్నాను."

"అంతానా?"

"నడుమంతా నొప్పేరా."

"మరి రత్నం మధ్యమధ్యలో బడి మానేస్తందని..."

"ఎవడా కూసింది? ఒక్క పూట మానలేదు. ఆ మూడ్రోజులు కూడా మానొద్దని టీచరే చెప్పింది."

"ఏ మూడ్రోజులు?"

"పరీక్షల మూడ్రోజులు."

"ఎవరత్తా ఆ టీచరు?"

"ఎలీసబెతు టీచరని, మిషను వాళ్ళావిడ. మొన్న తల్లుల్నీ పిల్లల్నీ ఒక్కచోట కూర్చోబెట్టి, ఈడొచ్చాక ఆడపిల్ల ఒళ్ళు ఎట్టా మారుద్దో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. మేవందరం తలలొంచుకున్నాం."

"రత్నం?"

"ముందు వరసలో కూర్చుని ప్రశ్నలడిగింది."

"ఏం చెప్పిందేంటి ఆవిడ?"

"అల్లుడితో అనే మాటల్రా అవి?"

"అల్లుణ్ణి కాకముందు నీ అన్న కొడుకునేగా. చెప్పు."

"అది రోగం కాదంది. మైలా కాదంది. ఆ గుడ్డలు సబ్బెట్టి ఉతికి, దాచకుండా ఎండలో ఆరెయ్యమంది."

"ఇంకా?"

"పెద్దమనిషైనంత మాత్రాన ఒళ్ళు కాన్పుకి తయారైనట్టు కాదంట. నడుం ఎముక ఇంకా ఎదగాలంట. పద్దెనిమిదేళ్ళన్నా రానివ్వండి అంది. ఆనక మొగుడైనా సరే, పిల్ల వద్దంటే ఆగాల్సిందేనంట."

"మగపిల్లలకి ఎవరు చెప్తారివి?"

"వాళ్ళకి డ్రిల్లు మేష్టరు చెడుగుడు చెప్తాడు."

"మా అక్కకీ ఎవరూ చెప్పలేదు."

"నాంచారు ఊసెందుకురా ఇప్పుడు."

"పద్నాలుగో ఏట పంపాం. ఏడాది తిరక్కుండా పురిట్లోనే పోయింది. పడవలో ఇంటికి తెచ్చింది నేనే కదత్తా."

"ఊరుకోరా. ఊరుకో నాయనా."

"మా నాన్న అమావాస్య వెళ్ళగానే రత్నాన్ని తెచ్చుకుందామంటన్నాడు. చేపలమ్మడానికి అమ్మ ఒక్కతే చాలట్లేదంట."

"మా అన్న సంగతి నాకు తెలీదా, అన్నాడంటే తెస్తాడు. అందుకేరా నా భయం."

"దేనికి భయం? ఇంకా లేదంటివి కదా?"

"అయిందిరా. చలికాలంలోనే అయింది. చాటుగా చిమ్మిలి పెట్టి, ఎవరికీ చెప్పకుండా నోరు కట్టుకు కూర్చున్నాను. అది ఎనిమిదో తరగతి పరీక్ష రాయాలి. బందరెళ్ళి టీచరు ట్రైనింగు చదువుతానంటంది. నాకున్నది ఒక్కతేరా, నాంచారులా పోగొట్టుకోలేను. నీకు దణ్ణం పెడతా, మీ అమ్మతో మాత్రం ఇంకా లేదనే చెప్పు. ఆవిడకి తెలిసిందంటే రేపే పడవేసుకుని వచ్చేసుద్ది."

"అమ్మకి తెలుసత్తా. సంతలో నువ్వు నువ్వులు కొంటంటే చూసింది అమ్మే."

"అయిపోయింది. నా కొంప మునిగింది. అన్నీ తెలిసి, మళ్ళీ నిన్నెందుకు పంపిందిరా?"

"నాన్న నిలదీసినప్పుడు, కళ్ళు దించకుండా 'ఇంకా లేదు' అని ఎట్టా చెప్పాలో నీ దగ్గర నేర్చుకు రమ్మంది."