లేట్ డ్రైవర్‌గారికి వీడ్కోలు

కాదు బావా, అందరూ తిట్టారు. ప్రెస్సు ఓనరు తిట్టాడు, డిపో గుమస్తా తిట్టాడు, అక్కయితే ఫోన్లో ఊపిరి తీసుకోకుండా ఇరవై నిమిషాలు తిట్టింది. మీరొక్కరే నోరు విప్పరు. నాలుగు నెలలైంది. ఇదేం న్యాయం చెప్పండి?

పైగా కుర్చీ వేస్తారు. మంచినీళ్లిస్తారు. ఫ్యాను నా వైపు తిప్పుతారు! ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుకుంటూ బతుకుతున్నవాణ్ణి, మీ మొహంలో ఒక్క అక్షరం చదవలేకపోతున్నాను.

అసలు జరిగిందేంటి? మీ రిటైర్మెంటుకి డిపోవాళ్లు ఇంగ్లీషులో కార్డు వేయించారు. ఫంక్షను ఐదింటికి, మీ ఆఖరి డ్యూటీ ఆరింటిదాకా. అందుకని గుమస్తా తన గుర్తు కోసం, కాగితం మీద మీ పేరు పక్కన పెన్సిల్‌తో 'లేట్' అని రాసుకున్నాడు. ఆయన ఆలస్యంగా వస్తారు అని. మా కంపోజరుకి అదేం తెలుసు? కళ్లెదుట ఉన్నది కొట్టడమే వాడి ధర్మం. పేరుకి ముందు పెట్టి, లావుపాటి అక్షరాల్లో కొట్టాడు. ఇంకేముంది! స్వర్గస్థులైన డ్రైవరుగారి పదవీ విరమణ సభకి తామంతా దయచేయాలి!

నవ్వకండి బావా... ఓహో, నవ్వింది నేనేనా?

అసలు తప్పంతా ఆ మాటది. మన భాష చూడండి, ఎంత మర్యాదగా ఉంటుందో. ఆలస్యమంటే ఆలస్యం. పోతే కీర్తిశేషులు. రెంటికీ పొత్తే లేదు. ఇంగ్లీషువాడికి అన్నిటికీ ఒకటే! బస్సు లేటు, బస్సులో వచ్చేవాడు లేటు, బస్సు కిందపడ్డవాడూ లేటే. కొత్తగా వస్తే లేటెస్టు. అదే మాట నలిగి నలిగి లాస్టయింది, అంటే ఆఖరిది. కొత్తదీ ఆఖరిదీ ఒక తల్లి పిల్లలన్నమాట! టెన్నిసులో సర్వీసు బంతి నెట్టుకి తగిలితే 'లెట్' అంటారు చూడండి, అదీ వీళ్ల చుట్టమే.

ఇంకా వెనక్కి, వెయ్యేళ్ల వెనక్కి వెళ్లారనుకోండి, దాని అర్థం చావూ కాదు, గడియారమూ కాదు. మందకొడి. ఒళ్లు కదలక, అందరి వెనకా కాళ్లీడ్చుకుంటూ వచ్చేవాడు. నిఘంటువులో అది చదివినప్పుడు, ఎవరో నా ఫోటో తీసి అక్కడ అంటించారేమో అనిపించింది.

మీకిదంతా ఎందుకులెండి. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆ మాటతో మీకు పనే పడలేదు.

పోనీ, ఆ సభయినా సవ్యంగా జరిగిందా? కార్డు చూసి బయటినుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. వేరే డిపోకి మారిపోయిన మీ పాత కండక్టరు మైకు పట్టుకుని, "ఆయన మన మధ్య లేకపోయినా..." అన్నాడో లేదో, మీరు యూనిఫాంలో, చేతిలో క్యారియరుతో గుమ్మంలో ప్రత్యక్షం! పాపం, ఆయన మైకు వదిలేసి వచ్చి మీ చెయ్యి గిల్లి చూశాడు. హాలంతా గొల్లున నవ్వింది.

అక్క నవ్వలేదు. ఆవిడకి కార్డు ఆ మధ్యాహ్నమే అందింది. మీరేమో బండి నడిపేటప్పుడు ఫోనెత్తరు. ఆ కార్డు అచ్చయి వారమైందనీ, పొద్దున తన చేత్తోనే మీకు క్యారియరు కట్టిచ్చిందనీ తట్టనే లేదు. అచ్చులో ఉంటే నిజమే అనుకునే మనిషి. డిపోదాకా చెప్పుల్లేకుండా పరిగెత్తిందట.

అంతా అయ్యాక మీరేం చేశారు? మా ఓనరు దగ్గరికి వెళ్లి, "పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయండీ, మా బావమరిదిని తీసెయ్యకండి" అన్నారు.

అక్కడే ఒళ్లు మండింది నాకు. పొరపాటట!

ప్రూఫు నా బల్ల మీదికొచ్చింది బావా. చదివాను. రెండుసార్లు చదివాను. ఎర్రపెన్ను ఆ మాట మీద ఆనించాను కూడా. పైన రెండు కామాలు సరిచేశాను, డిపో స్పెల్లింగులో ఎగిరిపోయిన అక్షరం పెట్టాను. దాన్ని మాత్రం ముట్టుకోలేదు. కింద సంతకం పెట్టి పంపించేశాను.

ఎందుకంటే ఏం చెప్పను? "మీ బావని చూసి నేర్చుకోరా" అంటారు అందరూ. నాకు యాభై రెండేళ్లు, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, మీ పేరుకి ఆ మాట అంటుకుంటే చూడాలనిపించింది. మీరు పోవాలని కాదు, ఒట్టు! ఆలస్యమవ్వాలని. అంతే. రెండో అర్థం గుర్తు రాలేదా అంటే... వచ్చింది. అబద్ధమెందుకు?

అమ్మ పోయినప్పుడూ ఇంతే కదా. మీరు బండి డిపోలో పెట్టి పావుగంటలో ఆస్పత్రికి చేరారు. ఆవిడ చెయ్యి మీ చేతిలో ఉండగానే పోయింది. అల్లుడు టైముకొచ్చాడు, కొడుకు రాలేకపోయాడు. బస్సు దొరకలేదని అందరికీ చెప్పాను. అయ్యో పాపం అన్నారు. ఆ రూటులో ఏ బస్సు ఎన్నింటికో మీకు నోటికొచ్చు. ఆ రోజు ఒక్క సర్వీసూ తప్పలేదని మీకు తెలియదా? తెలుసు. అయినా అడగలేదు. ఈ పెద్దమనిషి తరహా ఉంది చూశారూ, దీంతోనే చంపుతారు మీరు.

బస్సు దొరికింది బావా. అమ్మ పోవడానికి గంట ముందే దిగాను. ఆస్పత్రి గేటుకి ఎదురుగా అరటిపళ్ల బండి దగ్గర నిలబడిపోయాను. ఆ గదిలోకి వెళ్లే ధైర్యం లేక. అమ్మ నీ కోసమే అడుగుతోందిరా అని అక్క ఫోన్ల మీద ఫోన్లు. "దారిలో ఉన్నా, వస్తున్నా" అంటున్నాను, గేటుకేసి చూస్తూ.

బండివాడు రెండుసార్లు అడిగాడు, ఏం కావాలండీ అని. ఏమీ వద్దంటే బాగోదని డజను కొన్నాను.