కీళ్లనొప్పుల వాళ్లకు బోర్డులు సర్దిన ఇవబుచి గారు

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న మా మంచువాలు నిర్వాహకులు హోన్మా గారికీ, పొగలు కక్కే పందిమాంసం సూపు గిన్నె వదలకుండానే నా వైపు చూస్తున్న పెద్దలకూ, కీళ్లనొప్పుల తరగతి మిత్రులకూ ఈ చిగుసా నమస్కారాలు. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ మంచు మీద జారే స్నోబోర్డు ఆట నేర్పుతున్నాను, కొండ మీద అరిస్తే కింద వినపడే గొంతు నాది. అయినా హోన్మా గారు మైకిచ్చారు, ముందు వరస వాళ్లు క్షమించాలి. (నవ్వులు)

మన బోర్డుల మరమ్మతు గది నుంచి ఈ రోజు విరమిస్తున్న ఇవబుచి గారి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇవబుచి గారూ, తలుపు వైపు చూడకండి, గడియ వేయించాను.

నాలుగు శీతాకాలాల కిందట నా ఎడమ మోకాలు మొరాయించింది. బోర్డుకి బూట్లు బిగించుకోవడానికి మంచులో కూలబడితే, లేపడానికి ఇద్దరు కావాలి. వాలు మధ్యలో ఆగిపోయి, "కాసేపు లోయ అందం చూద్దాం" అనేదాన్ని. ఒకరోజు ఓ శిష్యురాలు, "టీచరుగారూ, ఇంత పొగమంచులో లోయ మీకొక్కరికే కనిపిస్తోందాండీ?" అని అడిగేసింది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ, ఆ సాయంత్రం నేను రాజీనామా రాసుకున్నాను. బోర్డు అమ్మిపెట్టమని ఇవబుచి గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన బోర్డు ముట్టుకోలేదు. "అమ్మాయ్, బూట్లు విప్పి ఊరికే నిలబడు," అన్నారు. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. అమ్మాయ్ అన్నందుకే నిలబడ్డాను.

"నీ పాదాలు బాతు పాదాల్లా చెరోవైపు తిరిగున్నాయి. బోర్డు మీదేమో రెండూ ఒకేవైపు బిగించావు. రోజంతా మోకాలిని మెలితిప్పి, అది ఏడిస్తే దాన్నే తిడతావేంటి?"

బోర్డు మీద పాదాలు చెరోవైపు కాస్త తిరిగి ఉండేలా మార్చి, అడుగున రబ్బరు పొర వేసి, బయటి అంచున చిన్న ఎత్తు పెట్టి, నిలబడి తొక్కితే చాలు బిగుసుకునే పట్టీలు అమర్చారు. మర్నాడు వెళ్లొస్తే నొప్పి ఇంకా ఎక్కువైంది! ఆ గదిలో నేనన్న మాటలు సభలో చెప్పదగ్గవి కావు. ఆయన మాత్రం పెన్సిలు చెక్కుకుంటూ, "తిట్లు తరవాత. నొప్పి లోపలివైపా, బయటివైపా?" అన్నారు. పాదాల మధ్య దూరం ఎక్కువైందని తేలింది. రెండు వేళ్లంత దగ్గరికి జరిపారు, బాగా వంగే మెత్తటి బోర్డు ఇచ్చారు, డాక్టరును అడిగి రమ్మని తరిమారు. డాక్టరు గెంతులు మానేయమన్నారు, ముందు ఒళ్లు వేడెక్కించుకుని వెళ్లమన్నారు.

అవన్నీ పాటించి, ఓ మధ్యాహ్నం మంచు మెత్తబడ్డాక పైనుంచి కిందిదాకా ఆగకుండా జారాను. కింద ఎంత కేక పెట్టానంటే, ఎవరికో దెబ్బ తగిలిందనుకుని కొండ పైకి మోసే కుర్చీల లిఫ్టు ఆపేశారు. అప్పుడు గాల్లో వేలాడినవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే... ఓ, మీరా హోన్మా గారూ! (పెద్ద నవ్వులు)

నొప్పి మాయమైందని అబద్ధం చెప్పను. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ పలకరిస్తుంది. రాజీనామా మాత్రం చించేశాను. ఆ తరవాత మోకాళ్లూ తుంట్లూ చీలమండలూ పట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు, పద్నాలుగు మందితో తరగతి అయింది.

తుంటి నొప్పి వల్ల ఇవబుచి గారు తాను బోర్డెక్కడం మానేసి పంతొమ్మిదేళ్లయిందన్న సంగతి మాలో ఎవరం గమనించనేలేదు. కిందటి నెల ఆయన భార్య యసునో గారు చెప్పారు. మా బోర్డులు సర్ది పంపించి, ఆయన కిటికీ దగ్గర నిలబడి చూసేవారట. 

పోయిన మంగళవారం ఆయన్ని ఆయన గదిలోనే నిలబెట్టి, పాదాల చుట్టూ గీత గీసి కొలిచాం. "మీరెవరర్రా నన్ను కొలవడానికి?" అని ఆయన, "కదలకండి గురువుగారూ, గీత వంకరపోతుంది" అని మేము! డాక్టరు అనుమతి యసునో గారు ముందే సంపాదించి సంచిలో దాచారు. ఆ కొలతకు మేం సర్దిన బోర్డెక్కి, డెబ్బై మూడేళ్ల మనిషి, ముక్కు ఎర్రబడి, నిటారుగా పిల్లల వాలు కిందిదాకా వచ్చారు. ఎలా ఉందని అడిగేలోపే, లిఫ్టు వరసలో నన్ను తోసుకుని ముందుకెళ్లి, "జరుగు, లిఫ్టు కట్టేసే టైమవుతోంది," అన్నారు. (చప్పట్లు)

కట్టేసేలోపు ఆరుసార్లు దిగారు. ఇవబుచి గారూ, మీకు విరమణ మరమ్మతు గది నుంచే. మా తరగతిలో పదిహేనో పేరు మీది, అడక్కుండానే రాసేశాం. యసునో గారికీ, సూపు కాచిన వాళ్లకీ, ఇంతసేపు ఓపిక పట్టిన మీకందరికీ ధన్యవాదాలు. ఆయన అప్పుడే బూట్లు తొడుక్కుంటున్నారు, కాబట్టి నాకూ సెలవిప్పించండి!