కాలవలో పడేసిన తుంగ

1946 వేసవి. అనకాపల్లి దగ్గర ఓ చెరుకు చేను గట్టు మీద, కలుపు తీసే పద్ధతి చెప్పడానికొచ్చిన సర్కారు వ్యవసాయోద్యోగితో ఓ రైతు మాట్లాడుతున్నాడు.

"తుంగ పీకడం మీరొచ్చి నేర్పాలేటి బాబూ? బూట్లేసుకుని గట్టు దిగనోళ్లు మాకు కలుపు సంగతి సెబుతారా?"

"చేను శుభ్రంగానే ఉంది. గడ్డలతో సహా తీశారు."

"మరేటనుకున్నారు! తీసిందంతా ఈ కాలవలో పడేత్తాను. మా తాత కాలం నించీ అంతే. నీరే ఒట్టుకుపోతాది."

"ఎండబెట్టి కాల్చెయ్యరా?"

"కూకుని కాల్సడానికి నాకేటి, మీలాగ నెలజీతవా?"

"ఆ కింది చేను నిండా తుంగే ఉందే. ఎవరిది?"

"మా సెల్లి మొగుడు సేసేవోడు. ఉత్త సేతకాని మడిసి. నలుగుర్లో కడిగీసేను. కామందుకి సెప్పి ఆడి కౌలు తీయించీసేను."

"ఆయన కలుపు తీసేవాడు కాదా?"

"తీసీవోడే. మొగుడూ పెళ్లాం పొద్దల్లా వంగే ఉండీవోరు. తీసినకొద్దీ మొలిసీది. అదేం యవసాయం!"

"ఆ చేనికి నీళ్లెక్కడివి?"

"ఈ కాలవే. నా సేను దాటే అక్కడికెల్తాది."

"ఇప్పుడెవరు చేస్తున్నారు?"

"ఉగాది నించి నేనే..."

కాలవలోకి విసరబోయిన తుంగ కట్ట రైతు చేతిలోనే ఉండిపోయింది. దాన్ని గట్టు మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"బాబూ, ఈ మాట మా సెల్లితో అనరు గదా?"